మా నాన్నగారి మార్కులు, మా అమ్మ వ్యాఖ్యానం

ఎక్స్‌టన్, పెన్సిల్వేనియా
22 సెప్టెంబర్ 2024

ప్రియమైన మిత్రమా,

సింగ్‌నగర్‌లో మీ వీధి నుంచి బుడమేరు నీరు పూర్తిగా తీసిందనీ, ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారనీ నీ ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది. వరదలో టీవీ పాడైపోవడంతో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న కమలా హారిస్, డొనాల్డ్ ట్రంప్‌ల చర్చ చూడలేకపోయాననీ, పత్రికల్లో వచ్చిన ముక్కలు చాలవనీ, మా ఇంట్లో ఎవరు ఏ మాటకు ఏమన్నారో మొదటి నుంచి చివరి దాకా రాయమనీ అడిగావు. మా అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారని తెలిసే అలా అడిగి ఉంటావు. ఆ రాత్రి మేమంతా ఎంతగా నవ్వామో, ఎక్కడ నవ్వు ఆగిపోయిందో నీకు చెప్పాలని నాకూ ఉంది కనుక తీరిగ్గా రాస్తున్నాను.

చర్చ జరిగింది సెప్టెంబర్ 10, మంగళవారం రాత్రి 9 గంటలకు, ఫిలడెల్ఫియాలోని నేషనల్ కాన్స్టిట్యూషన్ సెంటర్‌లో. అంటే 1787లో ఈ దేశపు రాజ్యాంగం రాసిన భవనానికి నాలుగడుగులు నడిస్తే చేరగలిగినంత దూరంలో, మా ఇంటి నుంచి కారులో సుమారు గంట ప్రయాణం. ఈ ఎన్నికల్లో పెన్సిల్వేనియాకు ఉన్న 19 ఎలక్టోరల్ ఓట్ల (రాష్ట్రాలవారీగా అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్ల) కోసం ఇద్దరూ ఎంత పోటీ పడుతున్నారో చెప్పలేను; ఉత్తరాల పెట్టె తెరిస్తే చాలు, ఎవరిదో ఒకరి ముఖం ఉన్న అట్ట కనిపిస్తుంది. ఇక్కడ వినాయకుణ్ణి ఇంకా నిమజ్జనం చేయలేదు, మర్నాడు చేయాలనుకున్నాం. అందుకని పులిహోర, ఉండ్రాళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టుకొని అందరం హాల్లో కూర్చున్నాం.

ఈ చర్చకు పెట్టిన నియమాలను మా అమ్మాయి ముందుగానే చదివి వినిపించింది. మొత్తం 90 నిమిషాలు. ప్రశ్నకు జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు, ఎదుటివారు ఖండించడానికి రెండు నిమిషాలు, అవసరమైతే మరొక నిమిషం. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మైకు ఆపేస్తారు. హాల్లో ప్రేక్షకులు ఉండరు. ముందే రాసుకున్న కాగితాలేవీ తేకూడదు. ఒక తెల్ల కాగితాల పుస్తకం, ఒక కలం, ఒక సీసా నీళ్ళు మాత్రమే ఇస్తారు. ఈ చివరి నియమం వినగానే, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారి ముఖం వెలిగిపోయింది. "చీటీలు తేకూడదన్నారా? మంచి నియమం. అయితే మార్కులు వేయవలసిందే" అని లేచి వెళ్ళి పలక సైజు కాగితం, ఎర్ర కలం తెచ్చుకున్నారు. ప్రశ్నకు సూటిగా జవాబు చెబితే 5, చెప్పిన లెక్క నిజమైతే 3, ఎదుటివారి మాట శ్రద్ధగా వింటే 2 అని పైన రాసి, కింద గీతలు గీశారు. లెక్కలు నిజమో కాదో ఫోనులో చూసి చెప్పే బాధ్యత మా అమ్మాయిది. దానికి వచ్చే నెలలో 18 నిండుతాయి. ఓటరుగా పేరు కూడా నమోదు చేసుకుంది. ఇక మా అమ్మ తనకు తానే ముఖాలు చూసే బాధ్యత తీసుకుంది. ఇంగ్లీషు వేగం పెరిగినప్పుడు ఆవిడ మాటలు వదిలేసి ముఖాలే చూస్తుంది. ఆ రాత్రి అందరికన్నా ముందు విషయాన్ని పట్టుకున్నది చాలాసార్లు ఆవిడే.

మొదలవుతూనే ఆవిడకు పని దొరికింది. ఇద్దరూ వేదిక మీదికి రాగానే హారిస్ నేరుగా ట్రంప్ నిలబడిన చోటికే నడిచి వెళ్ళి, చెయ్యి చాచి, తన పేరు చెప్పుకొని కరచాలనం చేసింది. అంతకు ముందు వాళ్ళిద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు. అధ్యక్ష అభ్యర్థులు చర్చలో చేతులు కలిపింది 2016 తరువాత అదే మొదటిసారి. మా అమ్మ ఎంతో సంతోషించి, "చూశారా, ఎదురుపడితే ముందు పలకరించాలని వాళ్ళమ్మ నేర్పింది. మద్రాసు నుంచి వచ్చినావిడ కదా శ్యామలగారు!" అంది. మరి ట్రంప్‌గారి తల్లిదే ఊరని వెంటనే అడిగింది. ఆవిడ స్కాట్లాండు నుంచి వచ్చిందని మా అమ్మాయి చెప్పగానే, "అయితే ఇద్దరి అమ్మలూ పైదేశాల వాళ్ళేనన్నమాట" అని తల ఊపింది. ఆ మాట ఆవిడ మనసులో పెట్టుకుందని మాకు తరువాత తెలిసింది.

చర్చ నడిపినవారు ఏబీసీ వార్తాసంస్థకు చెందిన డేవిడ్ మ్యూర్, లిన్సీ డేవిస్. మొదటి ప్రశ్న హారిస్‌కు వేశారు: నాలుగేళ్ళ కిందటితో పోలిస్తే అమెరికా ప్రజలు ఇప్పుడు బాగున్నారని మీరు నమ్ముతున్నారా? ఆవిడ తాను మధ్యతరగతిలో పెరిగాననీ, చిన్న వ్యాపారం మొదలుపెట్టేవారికి 50,000 డాలర్ల పన్ను మినహాయింపు ఇస్తాననీ, చిన్నపిల్లలున్న కుటుంబాలకు 6,000 డాలర్ల పన్ను రాయితీ ఇస్తాననీ చాలా చక్కగా చెప్పింది. మేమంతా బాగుందనుకుంటుండగానే నాన్నగారు కలం ఎత్తి, "అడిగింది బాగున్నారా లేదా అని. ఔననలేదు, కాదనలేదు. అయిదుకు సున్నా" అన్నారు. మా అమ్మాయి ఊరుకోలేదు. "తాతయ్యా, ఆవిడ ఏం చేస్తుందో చెప్పింది కదా!" అని వాదించింది. "చేయబోయేది వేరే ప్రశ్నకు జవాబమ్మా. ఆ ప్రశ్న వచ్చినప్పుడు వేస్తాను" అని ఆయన ససేమిరా అన్నారు. మిత్రమా, అక్కడి నుంచి మేమందరం చర్చను చూసిన తీరే మారిపోయింది. ఎవరు గట్టిగా మాట్లాడారు, ఎవరు తడబడ్డారు అన్నది పక్కన పెట్టి, అసలు అడిగిందేమిటి, చెప్పిందేమిటి అని వెతకడం మొదలుపెట్టాం. మనకు ఇష్టమైన మనిషి మాట్లాడుతున్నప్పుడు కూడా అలా వినడం ఎంత కష్టమో, ఎంత అవసరమో నాకు ఆ రాత్రి బాగా అర్థమైంది.

ట్రంప్ వంతు వచ్చినప్పుడూ నాన్నగారు అంతే కఠినంగా ఉన్నారు. దేశమంతటా గర్భస్రావాన్ని నిషేధించే చట్టం వస్తే దాన్ని తిరస్కరిస్తారా అని అడిగితే, అటువంటి అవసరమే రాదని తప్పించుకున్నాడు. మీరు తిరస్కరిస్తారని మీ ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్ చెప్పారు కదా అని లిన్సీ డేవిస్ గుర్తుచేస్తే, తాను జేడీతో ఆ సంగతి మాట్లాడలేదన్నాడు. మా అమ్మకు ఈ వాన్స్ భార్య ఉష తెలుగువాళ్ళ అమ్మాయి అని తెలుసు. "అదేమిటి, మన అల్లుడితో ఒక్క మాటైనా మాట్లాడుకోకుండానే పోటీకి దిగారా!" అని ఆవిడ నిజంగానే బాధపడింది. ఆరోగ్య బీమా గురించి అడిగినప్పుడు, ఒబామా తెచ్చిన చట్టం స్థానంలో మీ దగ్గర ప్రణాళిక ఉందా అంటే, ప్రణాళిక ఎలా ఉండాలన్న ఆలోచనలైతే ఉన్నాయన్నాడు. అప్పుడు నాన్నగారు కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి, "ఇంటిపని చేసుకొచ్చావా అంటే చేయాలనే ఉద్దేశం ఉందండీ అనే పిల్లలకు నా ఉద్యోగమంతా ఏం చెప్పానో ఈయనకూ అదే చెబుతాను" అన్నారు. అప్పుడు ఇల్లంతా ఒకటే నవ్వు.

అన్నీ నవ్వులే కాదు. నా భార్య ఆసుపత్రిలో ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేస్తుందని నీకు తెలుసు. గర్భస్రావ హక్కుపై మాటలు మొదలైనప్పుడు ఆమె ఒక్కతే ముందుకు వంగి కూర్చుంది. కొన్ని రాష్ట్రాల్లో బిడ్డ పుట్టిన తరువాత కూడా చంపవచ్చన్నట్టు ట్రంప్ మాట్లాడితే, ఈ దేశంలో ఏ రాష్ట్రంలోనూ పుట్టిన బిడ్డను చంపడం చట్టబద్ధం కాదని లిన్సీ డేవిస్ అక్కడికక్కడే సరిచేసింది. నా భార్య "ఆ ఒక్క మాట ఎవరైనా అంటారా అని చూస్తున్నాను" అంది. గర్భం పోతున్న స్త్రీలు, వైద్యులు చట్టానికి భయపడి చికిత్స నిరాకరిస్తే, పార్కింగ్ స్థలంలో కారులో రక్తం కారుతూ ఉండిపోవలసి వచ్చిందని హారిస్ చెప్పినప్పుడు నాన్నగారు మార్కులు వేయలేదు. ఆ గడిలో గీత పెట్టి వదిలేశారు.

ముఖాల గురించి చెప్పకపోతే మా అమ్మ నన్ను క్షమించదు. తెర మీద ఇద్దరినీ పక్కపక్కనే చూపించడం వల్ల, మైకు ఆగిపోయిన మనిషి ముఖం మాత్రం మాట్లాడుతూనే ఉంది. ట్రంప్ మాట్లాడినంతసేపూ హారిస్ గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, కనుబొమలు ఎత్తి, తల అడ్డంగా ఊపి, ఒక్కొక్కసారి నవ్వి, ఆయన వైపే చూసింది. ఆయన మాత్రం దాదాపు ఎప్పుడూ ఆవిడ వైపు తిరగకుండా ఎదురుగా ఉన్న వ్యాఖ్యాతలనే చూశాడు. అమ్మకు ఇది అస్సలు నచ్చలేదు. "ఒక్కసారి అటు తిరగవయ్యా, నీతోనే మాట్లాడుతోంది" అని టీవీకి చెబుతూనే ఉంది. ఆయన తిరగలేదు. అందువల్ల వినడానికి కేటాయించిన రెండు మార్కులు నాన్నగారు ఆయనకు వేయకపోవడమే కాక, మరీ ఎక్కువగా ముఖం మార్చినందుకు హారిస్‌కూ ఒకటి తగ్గించారు. మైకులు ఆపుతామన్న నియమం కూడా పూర్తిగా నిలబడలేదు. ట్రంప్ మళ్ళీ మాట్లాడతానన్నప్పుడల్లా చాలాసార్లు అవకాశమిచ్చారు. చివరికి ఆయన హారిస్ కన్నా దాదాపు అయిదు నిమిషాలు ఎక్కువ మాట్లాడాడు. ఆ సంగతి మర్నాడు పత్రికల్లో చూసి నాన్నగారు తన చేతి గడియారం లెక్క సరిపోయిందని ఎంతో సంబరపడ్డారు.

ప్రకటనల విరామంలో అమ్మ కాఫీ కలపడానికి లేస్తూ, "మైకు ఆపేస్తే మనుషులు ఇంత నెమ్మదిగా ఉంటారని ఎవరికీ ఇన్నాళ్ళూ తోచలేదేం?" అని అడిగింది. అప్పుడు నేను ఇదే ఫిలడెల్ఫియాలో 1976లో జరిగింది చెప్పాను. 1960లో కెనడీ, నిక్సన్‌ల చర్చల తరువాత పదహారేళ్ళు ఈ ఆనవాయితీయే లేదు. మళ్ళీ మొదలైంది ఫోర్డు, కార్టర్‌లతో, 1976 సెప్టెంబర్ 23న, ఇక్కడి వాల్‌నట్ స్ట్రీట్ థియేటర్‌లో. రేపటికి సరిగ్గా 48 ఏళ్ళు. చర్చ ముగింపు దగ్గరపడుతుండగా ప్రసారంలో ధ్వని పోయింది. దాన్ని బాగుచేయడానికి 27 నిమిషాలు పట్టింది. దేశమంతా చూస్తుండగా ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా తమ తమ బల్లల వెనుక అలాగే నిలబడిపోయారు. అమ్మ కాఫీ గిన్నె పట్టుకొనే నవ్వుతూ, "ఆ ఇరవై ఏడు నిమిషాలే చూడవలసిందిరా! అప్పుడు ఇద్దరి ముఖాలూ చక్కగా చదివి ఉండేదాన్ని" అంది. మిత్రమా, ఆ ప్రసారపు భాగం ఇప్పటికీ దొరుకుతుంది. నిజంగానే చూడదగినది. అధికారం కోరుకునే మనిషి మాట లేకుండా ఎలా నిలబడతాడో అందులో కనిపిస్తుంది.

ఇక స్ప్రింగ్‌ఫీల్డ్ సంగతి. అది ఎలా వచ్చిందో వరుసగా చెబితేనే అర్థమవుతుంది. వలసల మీద అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతూ హారిస్, ట్రంప్ సభలకు వెళ్ళి చూడండి, జనం విసుగెత్తి మధ్యలోనే లేచిపోతారు అంది. తరువాతి ప్రశ్న ట్రంప్‌ను అడిగింది సరిహద్దు భద్రత కోసం తెచ్చిన బిల్లును ఎందుకు అడ్డుకున్నారని. ఆయన దాన్ని వదిలేసి ముందు తన సభల గురించి చెప్పుకొన్నాడు. నాన్నగారు అప్పుడే సున్నా వేసేశారు. అక్కడి నుంచి మాట ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డుకు మళ్ళి, అక్కడికి వచ్చిన వలసజనం కుక్కలను, పిల్లులను, స్థానికుల పెంపుడు జంతువులను తింటున్నారని అన్నాడు. మా అమ్మాయి తెలుగులో చెప్పగానే అమ్మ నమ్మలేదు, రెండోసారి చెప్పించుకుంది. ఆ నగర అధికారిని తాము అడిగామనీ, అటువంటి విశ్వసనీయమైన ఫిర్యాదు ఏదీ లేదనీ డేవిడ్ మ్యూర్ చెబితే, టీవీలో జనం చెబుతుండగా తాను చూశానని ట్రంప్ అన్నాడు. "టీవీలో కనిపించే ఆయనే టీవీలో చూశానంటే, ఇక మనం ఎక్కడ చూడాలి?" అని అమ్మ అడిగింది. ఎంత నవ్వామో చెప్పలేను. మా అమ్మాయికి పొలమారింది.

నవ్వు తగ్గిన తరువాత అమ్మే మళ్ళీ, "ఆ ఊరి వాళ్ళ పిల్లలు రేపు బడికి వెళ్ళాలి కదే" అని మనుమరాలితో అంది. ఇంకెవరూ మాట్లాడలేదు. ఆవిడ భయపడినట్టే జరిగింది. ఆ తరువాతి రోజుల్లో స్ప్రింగ్‌ఫీల్డులో నగర కార్యాలయానికి, బడులకు బాంబు బెదిరింపులు వచ్చాయి. ముప్పైకి పైగా వచ్చాయనీ, అన్నీ బూటకమేననీ ఆ రాష్ట్ర గవర్నరే చెప్పి, బడులను రోజూ తనిఖీ చేయడానికి పోలీసులను పంపవలసి వచ్చింది. ఆ గవర్నరు మైక్ డివైన్ ట్రంప్ పార్టీ వాడే. అక్కడి హైతీ ప్రజలు చట్టబద్ధంగానే వచ్చారని కూడా చెప్పాడు. హైతీ నుంచి వచ్చినవాళ్ళను ఇవాళ అన్న మాట, పచ్చళ్ళ వాసనతో వచ్చిన మనల్ని రేపు అనరా అని నా భార్య అడిగింది. ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇద్దరి అమ్మలూ పైదేశాల వాళ్ళేనన్న మాట అమ్మ అప్పుడు మళ్ళీ ఎత్తింది. వేదిక మీద వాళ్ళిద్దరిలో ఒక్కరైనా ఆ మాట అని ఉంటే ఎంత బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

మిగతాది త్వరగా చెబుతాను. ఉక్రెయిన్ గెలవాలని కోరుకుంటున్నారా అని రెండుసార్లు అడిగినా ట్రంప్ ఔననలేదు, యుద్ధం ఆగాలన్నాడు. హారిస్ ఆ సందులో పెన్సిల్వేనియాలో ఉన్న ఎనిమిది లక్షల మంది పోలండు సంతతి వారిని తలచుకుంది. "ఇది జవాబు కాదు, ఓట్లడగడం" అని నాన్నగారు మార్కులు కోశారు. "మరి మన గురించి ఎవరూ అడగలేదేం, తాతయ్యా? మేమూ ఇక్కడ ఉన్నాం కదా" అని మా అమ్మాయి అడిగింది. అఫ్ఘానిస్తాన్ దగ్గరికి వచ్చినప్పుడు ట్రంప్ తాను అబ్దుల్ అనే తాలిబాన్ నాయకుడితో మాట్లాడాననీ, అతని ఇంటి ఫోటోను అతనికే పంపాననీ చెప్పాడు. అది హెచ్చరిక అని నేను వివరించేలోపే అమ్మ, "ఎవరింటి ఫోటో వాళ్ళకే ఎందుకు? బేరానికి పెట్టారా?" అంది. భూగర్భ వాయువు తీసే ఫ్రాకింగ్ విధానాన్ని 2019లో నిషేధిస్తానని, ఇప్పుడు నిషేధించనని హారిస్ మాట మార్చిన సంగతి కూడా నాన్నగారు వదిలిపెట్టలేదు. ఎందుకు మారిందో కారణం సరిగ్గా చెప్పలేదని రెండు మార్కులతో సరిపెట్టారు.

ముగింపు మాటల్లో హారిస్ ముందు, ట్రంప్ తరువాత మాట్లాడారు. నాణెం ఎగరేసినప్పుడు గెలిచి ట్రంప్ కోరుకున్న వరస అది. ఇన్ని చేస్తానంటోంది కదా, ఉపాధ్యక్షురాలిగా ఉన్న ఈ మూడున్నరేళ్ళలో ఎందుకు చేయలేదు అన్నది ఆయన చివరి ప్రశ్న. అప్పుడు నాన్నగారు కాగితం పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మొదటి ప్రశ్నకు ఆవిడ జవాబు చెప్పి ఉంటే ఈ చివరి ప్రశ్నకు చోటే ఉండేది కాదు" అన్నారు. మొత్తం కూడితే హారిస్‌కే ఎక్కువ వచ్చాయి, కాని మొదటి శ్రేణి రాలేదు. ట్రంప్‌కు ఎన్ని వచ్చాయో ఆయన పైకి చదవలేదు. మా అమ్మాయి ఆ కాగితం తీసుకొని తన గదిలో గోడకు అంటించుకుంది. అదే రాత్రి గాయని టేలర్ స్విఫ్ట్ హారిస్‌కు మద్దతు ప్రకటించింది. దాని స్నేహితులంతా ఆ మాటే చెప్పుకుంటుంటే ఇది మాత్రం తాతయ్య మార్కుల గురించి వాళ్ళకు వివరించింది. చివర్లో ఇద్దరూ చేతులు కలపకుండా వెళ్ళిపోయారని అమ్మ చిన్నబుచ్చుకుంది కాని, మర్నాడు ఉదయం న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11 మృతుల స్మారక సభలో వాళ్ళు మళ్ళీ కరచాలనం చేయడం చూసి ఊరట పడింది.

ఈ చర్చను 6.71 కోట్ల మంది చూశారట. జూన్‌లో అట్లాంటాలో బైడెన్, ట్రంప్‌ల చర్చను చూసినవారు సుమారు 5.1 కోట్లు. ఆ చర్చ తరువాతనే బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నాడు కదా. ఒక్క రాత్రి ఎదురెదురుగా నిలబడి ప్రశ్నలు ఎదుర్కోవడానికి అంత శక్తి ఉంది. మన దగ్గర ఈ మే నెలలో జస్టిస్ మదన్ లోకుర్, జస్టిస్ ఏపీ షా, పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి నరేంద్ర మోదీని, రాహుల్ గాంధీని బహిరంగ చర్చకు ఆహ్వానిస్తూ ఉత్తరం రాశారు. రాహుల్ ఒప్పుకొన్నా ఆ చర్చ జరగలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ బహిరంగ చర్చకు సిద్ధమా అన్న సవాళ్ళు ప్రతి ఎన్నికల్లో వినిపిస్తాయి. ముఖ్యమంత్రి పదవి కోరే ఇద్దరు ఒకే వేదిక మీద, ఒకే ప్రశ్నకు, గడియారం చూసుకుంటూ జవాబు చెప్పడం మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. మన నాయకులు మాట్లాడలేనివారు కారు. వరద నీరు మీ వీధిలోకి ఎందుకు వచ్చింది, బుడమేరు కట్టలను ఎవరు ఎప్పుడు పట్టించుకున్నారు అని ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అడిగితే, నీలాంటి వాళ్ళు ఇంట్లో కూర్చొని మార్కులు వేస్తే, ఆ జవాబులు వేరుగా ఉంటాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. నువ్వేమంటావో రాయి.

ఈలోగా ఒక పని చేద్దాం. ఉపాధ్యక్ష అభ్యర్థులు వాన్స్, టిమ్ వాల్జ్‌ల చర్చ అక్టోబర్ 1 రాత్రి 9 గంటలకు న్యూయార్క్ నుంచి వస్తుంది. మీకు అప్పుడు అక్టోబర్ 2 ఉదయం ఆరున్నర. గాంధీ జయంతి కనుక నీకు సెలవే. తెలుగింటి అల్లుడు మాట్లాడతాడని అమ్మ ఇప్పటి నుంచే ఎదురుచూస్తోంది. బంధుత్వానికి మార్కులు ఉండవని నాన్నగారు ఆవిడకు ముందుగానే చెప్పేశారు. నువ్వు కూడా కాగితం, కలం పెట్టుకొని కూర్చో. ఫోను కలిపి ఉంచుకుందాం. గీతలు ఎలా గీయాలో, ఏ గడికి ఎన్ని మార్కులో నాన్నగారు వేరే కాగితం మీద రాసిచ్చారు. దాన్ని ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను.

నీ
మిత్రుడు